‘హి’ అంటే ఎవరు?

కిందటి నెల గుంటూరులో టీచర్లకు ఇంగ్లీషు రాత మీద శిక్షణ తరగతులు పెట్టి, రిటైరై ఇంట్లో కూర్చున్న నన్ను కూడా ఒక పూట మాట్లాడమని పిలిచారు. ప్రశ్నలేమైనా ఉంటే అడగమన్నప్పుడు వెనక వరసలోంచి ఒక కుర్ర టీచరు లేచాడు. ఇప్పుడు ఒక్క మనిషి గురించి రాసేటప్పుడు కూడా ‘దే’ అని రాస్తున్నారు, మేం చదువుకునేటప్పుడు అది తప్పన్నారు, పిల్లలు అలా రాస్తే కొట్టెయ్యాలా ఉంచాలా అని అడిగాడు. ఉంచమన్నాను. మా రోజుల్లో విద్యార్థి అన్నా, డాక్టరన్నా, ఓటరన్నా అందరికీ కలిపి ‘హి’ అని రాసేవాళ్ళం. ఆడపిల్లలం మేం కూడా మా గురించి మేమే ‘హి’ అని రాసుకుని మార్కులు తెచ్చుకున్నాం. తర్వాత ‘హి ఆర్ షి’ వచ్చింది, ఇప్పుడు ‘దే’ వచ్చింది. ఒక్క మనిషిని పట్టుకుని ‘వారు’ అనడం మనకేం కొత్త కాదుగదా, కాకపోతే మనం పెద్దవాళ్ళకే దాచిపెట్టుకున్నాం అన్నాను. అందరూ నవ్వారు. అతను మాత్రం కూర్చోకుండా, "మీకీ సర్వనామాలంటే ఎందుకంత ఇష్టం మేడం?" అన్నాడు. టైమైపోయిందని తప్పించుకున్నాను గాని, ఇంటికొచ్చి చెప్పులు విప్పుతున్నా ఆ ప్రశ్న వదల్లేదు. అక్కడ చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

మాది పర్చూరు అవతల నల్లరేగడి మీద ఉన్న ఊరు. ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప, మధ్యలో ఎండాకాలం ఇసకా వానాకాలం ఎర్రనీళ్ళూ పారే వాగు. ఊరికి దూరంగా మా క్రైస్తవ పేట. మా నాన్న కొండేటి దానియేలు, సుబ్బారాయుడు గారనే ఆసామి దగ్గర పాలేరు. దానియేలు అనే పేరు మా చర్చిలో మాత్రమే వినిపించేది. ఊళ్ళోకి వెళ్ళేసరికి అది దానేలుగాడయ్యేది. ఆసామి ఇంట్లో అప్పుడే మాటలు నేర్చుకుంటున్న మనవడు కూడా "దానేలుగాడొచ్చాడు" అని ముద్దుముద్దుగా అనేవాడు, పెద్దవాళ్ళు మురిసిపోయేవారు, మా నాన్నా మురిసిపోయేవాడు. అందులో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. ఊళ్ళో గాలి అట్లాగే వీచేది, అందరం అదే పీల్చేవాళ్ళం. మా అమ్మ సువార్త మిరపకోతలకు పోయేది. ఆ కాలమంతా మా ఇంట్లో ఆముదం వాసన, మిరపకాయల కోరు వాసన. సాయంత్రం వచ్చి మండే చేతులకు ఆముదం రాసుకుని, చేతులు రెండూ గాల్లో పెట్టుకుని కూర్చుని, "జొన్నన్నం వార్చమ్మా రూతూ, నా చేతులు ఇప్పుడు నావి కావు" అనేది. ఆ చేతులతో కళ్ళు తుడుచుకోవడానికి లేదు గనక మా అమ్మ కోతల కాలంలో ఎప్పుడూ ఏడవలేదని మా పేటలో ఒక హాస్యం. నాన్న చుట్ట వెలిగించుకుని దడి దగ్గర కూర్చునేవాడు. ప్రార్థన చేసేటప్పుడు కూడా ఆయన కళ్ళు మూసుకునేవాడు కాదు. పశువుల దగ్గర పనిచేసేవాడికి కళ్ళు మూస్తే కుదరదట.

మాకు ఇంగ్లీషు చెప్పింది మస్తాన్ వలీ మాస్టారు. దూది ఏకి పరుపులు కుట్టే ఇంట్లో పుట్టినాయన. సన్నగా, ఎప్పుడూ ఉతికిన తెల్లచొక్కాతో, ఎవరినీ ‘ఏరా’ అనకుండా పాఠం చెప్పేవారు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒకరోజు బోర్డు మీద ఒక పక్క వాడు, అతను, ఆయన, వారు అని కిందకి వరసగా రాసి, రెండో పక్క ఒక్కటే మాట రాశారు. ‘హి’. నేను కాసేపు మిగతావి రాస్తారేమోనని చూశాను. రాయలేదు. లేచి, మరి పెద్దవాళ్ళకో సార్ అన్నాను. అదే అన్నారు. పాలేరుకో అంటే అదే అన్నారు. కలెక్టరుకీ అదే, దొంగకీ అదే అన్నారు. క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఏదో పెద్ద తలుపు చప్పుడు కాకుండా తెరుచుకున్నట్టనిపించింది. ఆ పక్కన ఇంకో మాట చెప్పారు. మన భాషలో అమ్మ వచ్చింది, గేదె వచ్చింది, వాన వచ్చింది, మూడూ ఒకటే వరస. ఇంగ్లీషు రాతలో మాత్రం అమ్మ వేరు, గేదె వేరు. అమ్మకు ‘షి’, గేదెకు ‘ఇట్’ అని.

ఆ సాయంత్రం ఇదంతా మా ఇంట్లో అప్పజెప్పాను. మా అమ్మ ఆముదం చేతులు గాల్లో పెట్టుకునే నవ్వి, "పోన్లే, ఆళ్ళన్నా నన్నూ గేదెనీ ఒకే గాట కట్టలేదు" అంది. నాన్న నవ్వలేదు. అయ్యగారికీ నాకూ ఒకటే మాటా, రాసేటప్పుడు కూడానా అని అడిగాడు. రాసేటప్పుడే నాన్నా అన్నాను. చుట్ట ఆరిపోయేదాకా ఆలోచించి, "అట్టయితే ఎవరి సంగతి చెబుతున్నారో ఎట్టా తెలిసిద్ది?" అన్నాడు. చదువురాని మనిషి అడిగిన ఆ ప్రశ్నకు తెలుస్తుందిలే అనేశాను.

నేను పదో తరగతికొచ్చిన ఏడు వానలు విరగబడి కురిశాయి. పత్తికాయలు చెట్టునే నల్లబడ్డాయి, మిరపతోటల్లో మోకాటిలోతు నీళ్ళు. ఒక ఉదయం మా ఊరి మీదుగా పోయే బస్సు వాగు మీది చప్టా దాటుతుండగా, వరద ఒక్కసారిగా పొంగడంతో సగంలో ఆగిపోయింది. నీళ్ళు కిటికీల దాకా వచ్చేశాయి. లోపల ఆడవాళ్ళు, పిల్లలు, చీరాల సంతకు పోయే ముసలివాళ్ళు. ఊరంతా ఒడ్డున చేరి అరవడమే గాని ఏం చెయ్యాలో తెలియలేదు. సుబ్బారాయుడు గారు ట్రాక్టరు తెప్పించారు, అది ఒడ్డు బురదలోనే దిగబడింది. అప్పుడాయన ఇంటికి మనిషిని పరిగెత్తించి పెద్ద మోకు తెప్పించి మా నాన్న చేతికిచ్చారు. నాన్న ఒక కొస తుమ్మచెట్టుకు కట్టి, రెండో కొస నడుముకు కట్టుకుని దిగాడు. చిన్నప్పుడు గేదెలు కాస్తూ ఆ వాగులోనే ఈత నేర్చినవాడు. నేను ఒడ్డున అమ్మ చెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నాను. నాన్న తల మునిగిన ప్రతిసారీ అమ్మ వేళ్ళు నా చేతిలోకి దిగబడేవి. ముందు పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకొచ్చాడు. తర్వాత ముసలివాళ్ళని నడుముకు కట్టుకొచ్చాడు. ఆఖరున టిక్కెట్ల సంచీ వదలనని మొండికేసిన కండక్టర్ని సంచీతో సహా లాక్కొచ్చాడు. అందరూ ఒడ్డుకు చేరాక బస్సు పక్కకి ఒరిగింది. సుబ్బారాయుడు గారు వాళ్ళందరినీ తన గోడౌనులోకి తీసుకుపోయి, కిందటేటి పత్తి రాశుల మీద కూర్చోబెట్టి వేడివేడి అన్నం పెట్టించారు. తడిసిన పిల్లలు మెడ దాకా పత్తిలో కూరుకుని కూర్చోవడం ఇంకా నా కళ్ళకు కట్టినట్టే ఉంది. ఆ రోజు ఆయనా మంచిపనే చేశారు. అది చెప్పకపోతే నా కథ నిలవదు.

సర్కారు మెచ్చుకోలు ఎప్పుడూ పంట చేతికొచ్చినట్టు ఆలస్యంగానే వస్తుంది. వానకు మిగిలిన మిరపకాయలు కళ్ళాల్లో ఎర్రగా ఎండుతున్న రోజుల్లో, సబ్ కలెక్టరు గారు మా హైస్కూలుకు వచ్చి ఊరిని అభినందిస్తారని కబురొచ్చింది. ఆయన ఉత్తరాది మనిషి, తెలుగు రాదు. ఇంగ్లీషులో ఒక్కో ముక్క చదువుతారు, దాని తెలుగు ఎవరైనా చదవాలి. ఉపన్యాసం ప్రతి ముందుగానే స్కూలుకు పంపారు. మాస్టారు దాన్ని నా చేతిలో పెట్టి, "తెలుగులోకి నువ్వు మార్చు. చదివేదీ నువ్వే" అన్నారు. టైపు చేసిన ఇంగ్లీషు కాయితం చేత్తో పట్టుకోవడం నాకదే మొదటిసారి. ఒకచోట ఆగిపోయాను. సుబ్బారాయుడు గారు తన పాలేరుకు మోకు ఇచ్చారు, ‘అండ్ హి వెంట్ ఇంటు ద వాటర్’ అని ఉంది. ఆ తర్వాత వాక్యాలన్నీ ‘హి’తోనే. హి పిల్లల్ని మోశాడు, హి ముసలివాళ్ళను తెచ్చాడు. మా నాన్న పేరు ఎక్కడా లేదు. ఎవరో చెప్పింది విని ఎక్కడో ఆఫీసులో కూర్చుని రాసిన మనిషికి పేరు తెలిసుండదు. నేను ఆ ‘హి’ని దానియేలు గారు అనీ, తర్వాత వాటిని ఆయన అనీ రాసుకొచ్చాను.

హెడ్మాస్టరు గారు దాన్ని చూసి ఎర్రసిరా పెన్ను తీశారు. వాక్యం మొదలైంది సుబ్బారాయుడు గారితో గనక ‘హి’ ఆయనకే చెందుతుందన్నారు. నా మాట కొట్టేసి, ‘ఆయన స్వయంగా వాగులోకి దిగారు’ అని దిద్దారు. కింద వాక్యాలకు కూడా తన చేత్తో, నా రాత కంటే అందంగా, మోసుకొచ్చారు, కాపాడారు అని మర్యాదలు అమర్చారు. నేను రాసిన ‘దానియేలు గారు’ మీద గీత గీసి, పాలేరుకు గారు ఏమిటమ్మా, ఊరు నవ్వదూ అన్నారు. మస్తాన్ వలీ మాస్టారు పక్కనే ఉన్నారు. వ్యాకరణం ప్రకారం ఆ వాక్యం రెండు రకాలుగానూ చదవొచ్చు, జరిగిందాన్నిబట్టి అర్థం చెప్పుకోవాలి సర్ అన్నారు. హెడ్మాస్టరు గారు, జరిగింది మనకెందుకండీ, మనం వ్యాకరణం చూసుకుందాం అన్నారు. సుబ్బారాయుడు గారు స్కూలు కమిటీలో పెద్ద. మాస్టారు బయటికొచ్చాక మాత్రం చేతికంటిన సుద్ద దులుపుకుంటూ, నా వంక చూడకుండా అన్నారు: "సర్వనామం ఎవరిదో అనుమానమొస్తే దాన్ని తీసేసి పేరు పెట్టాలి. రాతలో అది మొదటి మర్యాద."

ఇంటికెళ్ళి చెబితే నాన్న తేలిగ్గా తీసుకున్నాడు. ఆ ఇంటి ఉప్పు తింటున్నాం, సారు దిద్దినట్టే చదువు, నువ్వు పరీక్ష రాయాల్సిన పిల్లవి అన్నాడు. దిగిందెవరో వాగుకు తెలుసు, చాల్లే అన్నాడు. అమ్మకు కోపమొచ్చింది. "వాగొచ్చి సాక్ష్యం చెప్పిద్దా? ఇంతమంది కళ్ళ ముందు ఆయన దిగితే, ఆయన దిగాడని చెప్పటానికి ఇంట్లో పుట్టిన పిల్లకి నోరు రాదా?" అంది. ఆమె అన్నదాంట్లో మిగతాదంతా ఒక ఎత్తు, ‘ఆయన’ ఒక ఎత్తు. అన్నేళ్ళుగా వింటున్నా ఆ రోజే నా చెవిన పడింది. ఊరందరికీ మా నాన్న వాడు. మా అమ్మ ఒక్కదానికే ఆయన. ఏ ఇల్లాలైనా మొగుణ్ణి అట్లాగే అంటుంది, అందులో విశేషం లేదు. కానీ హెడ్మాస్టరు గారి ఎర్రసిరా వాక్యం నాకు వెంటనే గుర్తొచ్చింది. ‘ఆయన స్వయంగా వాగులోకి దిగారు.’ అమ్మ నోట్లో పెట్టి చూస్తే ఆ వాక్యంలో తప్పేముంది? ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. ఆ ‘ఆయన’ ఎవరో చెబితే చాలు.

సభ రోజున స్కూలు ఆవరణంతా జనం. పక్క కళ్ళాల్లోంచి మిరపఘాటు గాలితో పాటు వస్తోంది. మాకలవాటే గాని సబ్ కలెక్టరు గారు ఒక వాక్యం చదివి నాలుగుసార్లు దగ్గుతున్నారు. వేదిక మీద కుర్చీల్లో ఆయన, తాసీల్దారు, హెడ్మాస్టరు గారు, సుబ్బారాయుడు గారు. మాస్టారు ఒక మూల నిలబడ్డారు. నాన్న ఎక్కడో వెనక గోడ దగ్గర మా పేటవాళ్ళతో ఉన్నాడు. బస్సులో బతికినవాళ్ళు కొందరు చీరాల నుంచి వచ్చి ముందు వరసలో కూర్చున్నారు, కండక్టరు కూడా. సబ్ కలెక్టరు గారు ‘అండ్ హి వెంట్ ఇంటు ద వాటర్’ అని చదివి, దగ్గుతూ నా వంక చూశారు. నేను కాయితం మీదనుంచి కళ్ళు తీసేశాను. "సుబ్బారాయుడు గారు కొండేటి దానియేలు గారికి మోకు అందించారు. దానియేలు గారు స్వయంగా వాగులోకి దిగారు" అన్నాను. మైకులో నా గొంతు వెళ్ళి గోడకు తగిలి తిరిగొచ్చింది. ఆపైన హెడ్మాస్టరు గారు ఎర్రసిరాతో రాసిందాంట్లో ఒక్క మాట మార్చలేదు. ఆయన పిల్లలను భుజాల మీద మోసుకొచ్చారు. ఆయన వృద్ధులను నడుముకు కట్టుకుని తెచ్చారు. ఆయన ప్రాణాలకు తెగించి అందరినీ కాపాడారు. ఇంటి బయట మా నాన్నకు పుట్టిన దగ్గర్నుంచి రావాల్సిన మర్యాదలన్నీ ఒక్క కాయితం మీద, హెడ్మాస్టరు గారి చేతిరాతలో, వరసగా నిలబడి ఉన్నాయి. నేను ఒక్కొక్కటీ నింపాదిగా చదువుకుంటూ పోయాను.

చదివేశాక ముందు కండక్టరు లేచి చప్పట్లు కొట్టాడు. తర్వాత బస్సులోవాళ్ళు, తర్వాత మా పేట, ఆ తర్వాత ఊరు కూడా. ఊళ్ళో అందరూ చూసినదేగదా, కాదనడానికి ఎవరికి వీలుంది. సబ్ కలెక్టరు గారు తన మామూలు ఉపన్యాసానికి ఇంత ఆదరణ ఏమిటో తెలియక మాస్టారిని అడిగారు. మాస్టారు ఇంగ్లీషులో రెండే ముక్కలు చెప్పి, వెనక గోడ వైపు చెయ్యి చూపించారు. ఆయనేనా అని సబ్ కలెక్టరు గారు హెడ్మాస్టరు గారిని అడిగారు. హెడ్మాస్టరు గారు తడబడి, లేని నవ్వు తెచ్చుకుని, మా నాన్న వైపు వేలు చాపి, "ఎస్ సర్, హి" అన్నారు.

నాన్న రానన్నాడు. జనమే తోసుకొచ్చారు. ఆయన తలగుడ్డ విప్పి చంకలో పెట్టుకుని మెట్ల దగ్గర ఆగిపోయాడు. సబ్ కలెక్టరు గారు చెయ్యి కలపడానికి కుర్చీలోంచి లేచారు. ఆయన లేచాక తాసీల్దారు కూర్చుంటే బాగుండదు, లేచాడు. తాసీల్దారు లేచాక హెడ్మాస్టరు గారు లేచారు. చివరికి సుబ్బారాయుడు గారు కూడా పంచె సర్దుకుంటూ లేచారు. మా నాన్న మెట్లెక్కుతుంటే వేదిక మొత్తం నిలబడి ఉంది. సుబ్బారాయుడు గారు ఒక్క క్షణం ఆయన్ని చూసి, "రా దానియేలూ, పైకి రా" అన్నారు. పూర్తి పేరుతో. అమ్మ అప్పటిదాకా ఓర్చుకుంది గాని, ఆ మాట విని కోతల చేతులతోనే కళ్ళు తుడుచుకుంది. ఆ మంట తగ్గడానికి మర్నాటి దాకా పట్టింది. ఆ మంట గురించి ఆమె తర్వాత ఎన్నేళ్ళు గొప్పగా చెప్పుకుందో లెక్కలేదు.

పని పోతుందని మేం భయపడుతూనే ఉన్నాం. మర్నాడు నాన్న కొట్టంలోకి వెళ్ళేసరికి సుబ్బారాయుడు గారు అక్కడే మంచం మీద కూర్చున్నారట. "నేను వాగులో దిగానని ఎవడు రాశాడ్రా ముందు? నాకసలు ఈతే రాదు. అట్టా చదివుంటే ఊరు నవ్వేది కాదా? నీ కూతురు నా పరువు దక్కించింది" అన్నారట. ‘రా’ అనడం మానలేదు. ఆయన ఇల్లాలు మాత్రం వారం పాటు, దానియేలు గారూ గేదెలకు కుడితి పెట్టారా అని వెటకారం చేసింది. నాన్న ఆ వెటకారానికి నవ్వి, పెట్టానమ్మా అనేవాడు. ఎగతాళికన్నా ఆ మాట నోట్లోంచి రావడం మొదలైతే కొన్నాళ్ళకు అలవాటు పడుతుందని ఆయన లెక్క. ఆ లెక్క పూర్తిగా తప్పలేదు. ఆ ఇంటి మనవడు ఎదిగి నా దగ్గర ఇంగ్లీషు చెప్పించుకోవడానికి వచ్చినప్పుడు, "మా తాతయ్య, దానియేలు గారిని అడిగి రమ్మన్నారండి" అన్నాడు.

నేను తర్వాత చదువుకుని, ఆ ‘హి’నే నలభై ఏళ్ళ దాకా బోర్డు మీద రాసి బతికాను. ఇంగ్లీషు గొప్పదని నేననను. ఆ ఒక్క మాటలో అందరూ సమానమని ఎంత మురిశానో, ఆ ఒక్క మాట చాటున ఒకరి కష్టం ఇంకొకరి ఖాతాలో పడిపోగలదనీ ఆ ఏడే నేర్చుకున్నాను. మన తెలుగులో మెట్లున్నాయి, ఎక్కడానికి మనిషి కావాలి, ఎక్కించడానికి నోరు కావాలి. ఇప్పటి పిల్లలు ఆడా మగా చూడకుండా ‘దే’ అని రాస్తున్నారంటే నాకు ముచ్చటగానే ఉంటుంది. అప్పుడు మాకు ఒక్క మాట కోసం మైకు, సబ్ కలెక్టరు, మిరపఘాటు అన్నీ కావలసి వచ్చాయి.

అసలు గెలుపు మాత్రం సభలో జరగలేదు, రోడ్డు మీద జరిగింది. అంతవరకు బస్సు ఊరి సెంటర్లోనే ఆగేది, మా పేట దగ్గర ఆగేది కాదు. మేం వెనక్కి నడుచుకుంటూ వచ్చేవాళ్ళం. సభైన కొన్నాళ్ళకు ఆ కండక్టరు మా పేట మలుపులో బెల్లు కొట్టి బస్సాపి, "దానియేలు గారి ఇంటి దగ్గర దిగేవాళ్ళు దిగండి" అని కేకేశాడు. ఆ తర్వాత రోజూ ఆపాడు. అతన్ని చూసి మిగతా కండక్టర్లూ ఆపారు. ఇల్లు, దగ్గర అనే మాటలు నాలుగేళ్ళలో అరిగిపోయి స్టాపుకు ఉత్త ‘దానియేలు గారు’ అనే పేరు మిగిలింది. నాన్న పోయి చాలా కాలమైంది, ఆ వాగు మీద వంతెన వచ్చింది, అటు రొయ్యల చెరువులు, ఇటు కోల్డ్ స్టోరేజీలు లేచాయి. ఆయనెవరో తెలియని కుర్రాళ్ళు కండక్టర్లుగా వస్తున్నారు. అయినా ఆ మలుపులో దిగాలంటే ఏ ఊరివాళ్ళైనా, ఏ ఇంటివాళ్ళైనా, ఎంత పెద్దవాళ్ళైనా, చెయ్యి చాపి "దానియేలు గారికి ఒకటివ్వండి" అనే టిక్కెట్టు తీసుకోవాలి. స్టాపు పేరుకు మామూలుగా ‘వచ్చింది’ అంటారు. పర్చూరు వచ్చింది, ఇంకొల్లు వచ్చింది. మా మలుపు దగ్గరకొచ్చేసరికి పేరు చివర గారు ఉండటంతో కండక్టరు నాలుక దానంతటదే తిరుగుతుంది. మొన్న ఆ బస్సులోనే మా తమ్ముడింటికి వెళ్ళాను. పాతికేళ్ళు కూడా లేని కుర్రాడు తలుపు దగ్గర నిలబడి, ఎండలోకి తొంగి చూసి, బస్సంతా వినపడేలా కేకేశాడు: "దానియేలు గారు వచ్చారు, లేవండి, లేవండి."